మ్రోగిన యంత్రము - దొరకని గుండు

సాయంకాలమున రేడియోముందు కూర్చుండి సంగీతకచేరి వినుచుండగా, ఉన్నట్లుండి గరగరమను ధ్వని పుట్టి రాగమును మ్రింగివేయుట శ్రోతలందరకు అనుభవమే. ఆ ధ్వని కచేరిలోనిది కాదు. పొరుగింటి మోటారు తిరుగుటవలననో, వీథిలోని కరెంటుతీగ వదులగుటవలననో, మన పెట్టెలోనే ఒక అతుకు ఊడుటవలననో అది పుట్టియుండును. అనుభవము గల గృహస్థుడు వెంటనే గాయకుని నిందింపడు. మొదట ఇంటిలోని పంకాను ఆపి చూచును. పిదప ఏరియల్ తీగను కదలించి చూచును. అప్పటికిని ధ్వని ఆగనిచో పెట్టెను బాగుచేయువానియొద్దకు పంపును.

ఇట్టి చిక్కే లోహశోధకయంత్రమునకును కలదు. వాడుకలో దీనిని మెటల్ డిటెక్టరు అందురు. రైల్వేస్టేషనులందును, దేవాలయద్వారములందును కావలివారి చేతులలో దీనిని నేడు అందరును చూచుచున్నారు. దాపున లోహమున్నచో ఇది మ్రోగును. కాని మ్రోగినప్పుడెల్ల మనము వెదకు వస్తువు అచ్చట నుండునా? ఉండదు. లేని వస్తువును ఉన్నదని చెప్పు ఆ ధ్వనిని మనము దొంగమ్రోత అందము. ఈ యంత్రమునకు లోకమంతయు చూచుచుండగా జరిగిన తొలి గొప్ప పరీక్షయే ఒక దొంగమ్రోతతో ముగిసినది. ఆ పరీక్ష 1881వ సంవత్సరమున వాషింగ్టను నగరమున, అమెరికా అధ్యక్షుని శయ్యచెంత జరిగెను. పరీక్షించినవాడు టెలిఫోను నిర్మాతయైన అలెగ్జాండర్ గ్రాహం బెల్.

జేమ్సు గార్‌ఫీల్డు అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఇరువదవ అధ్యక్షుడు. 1881 మార్చి 4వ తేదీన ఆయన పదవీస్వీకారము చేసెను. నాలుగు మాసములు నిండకమునుపే, జూలై 2వ తేదీన, వాషింగ్టను రైల్వేస్టేషనులో చార్లెస్ గిటో అనువాడు ఆయనపై రెండుమారులు కాల్పులు జరిపెను. పారిస్‌లో తనకు కాన్సలు పదవి నీయవలెనని కోరి, అది దొరకక మతి చెడినవాడు వాడు. ఒక గుండు అధ్యక్షుని చేతిని రాచుకొని పోయెను. రెండవది వీపున కుడివైపున ప్రవేశించి లోపలనే నిలిచిపోయెను.

ఆ గుండు ఎచ్చట నున్నది? ఆ వేసవి యంతయు అమెరికాను కలవరపెట్టిన ప్రశ్న అదియే. నేడైనచో ఎక్స్‌రే ఛాయాచిత్రము నిమిషములలో జవాబు చెప్పును. కాని రాంట్‌గెన్ ఎక్స్‌రేలను కనుగొనినది 1895లో. అప్పటి వైద్యునికి ఉన్న సాధనము తన వ్రేలు, ఒక లోహపు శలాకయు మాత్రమే. చికిత్సాభారమును వహించిన డాక్టరు విల్లార్డు బ్లిస్సును, తోటివైద్యులును గాయములో వ్రేళ్లు పెట్టియు, శలాకలు పెట్టియు పలుమారులు వెదకిరి. సూక్ష్మజీవులవలన గాయములు కుళ్లుననియు, చేతులను పనిముట్లను మందునీటితో శుద్ధిచేయవలెననియు జోసెఫ్ లిస్టరు 1867లోనే ప్రకటించియుండెను. అయినను అమెరికాలో అనేక వైద్యులు ఆ మాటను ఇంకను పాటింపకుండిరి. శుద్ధిచేయని వ్రేళ్లు గాయములో క్రొత్తదారిని త్రవ్వెను. ఆ దారి చీముపట్టి క్రిందికి దిగెను. గుండు పోయిన దారి అదియే యని వైద్యులు భ్రమించిరి. కావున గుండు శరీరమునందు కుడివైపున క్రిందిభాగమున నున్నదని బ్లిస్ స్థిరముగా నమ్మెను.

ఈ వార్తలు చదువుచున్న బెల్‌కు అప్పటికి ముప్పదినాలుగేండ్లు. 1876లో టెలిఫోనుకు పేటెంటు పొంది ఆయన జగత్ప్రసిద్ధు డయ్యెను. ఫ్రాన్సుదేశము ఇచ్చిన వోల్టా బహుమానధనముతో వాషింగ్టనులో ఒక ప్రయోగశాలను నెలకొల్పెను. గుండును విద్యుచ్ఛక్తితో వెదకవచ్చునేమో యని సైమన్ న్యూకోంబ్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు సూచించుట ఆయన చెవిని పడెను. బెల్‌కు వెంటనే తన పాత ప్రయోగ మొకటి జ్ఞాపకము వచ్చెను.

ఆ ప్రయోగము పుట్టినది లోహమును వెదకుటకు కాదు, గరగరను పోగొట్టుటకు. తొలిదినములలో టెలిఫోను తీగ టెలిగ్రాఫు తీగల ప్రక్కగా పోవునపుడు, టెలిగ్రాఫు టకటకలు టెలిఫోనులోనికి చొరబడి మాటను చెరచుచుండెను. దానిని అణచుటకు బెల్ తీగచుట్టలను ఎదురెదురుగా సరితూచి చూచియుండెను. ఒక చుట్టలో పుట్టిన ప్రేరణను రెండవచుట్టలోని ప్రేరణ రద్దుచేసినచో టెలిఫోను మౌనము వహించును. 1879లో ఇంగ్లండునందు డేవిడ్ హ్యూస్ ఇట్టి సాధనమునే చక్కగా నిర్మించి దానికి ప్రేరణత్రాసు అను అర్థముగల పేరు పెట్టెను.

పేరునకు తగినట్లు అది త్రాసే. అంగడిత్రాసులో రెండుతట్టలును సరిగా నున్నపుడు ముల్లు మధ్య నిలుచును. ఒక తట్టపై చిటికెడు ఉప్పు పడినను ముల్లు కదలును. ఇచ్చట తట్టలకు బదులు తీగచుట్టలు, ముల్లునకు బదులు టెలిఫోను. ఆగి ఆగి ప్రవహించు విద్యుత్తును చుట్టలలోనికి పంపి, వానిని సరితూచినపుడు టెలిఫోనులో ఏ ధ్వనియు వినబడదు. ఒక లోహఖండము దాపునకు రాగానే దానిలో స్వల్పమైన విద్యుత్తు పుట్టి ఆ తూకమును చెరచును, టెలిఫోను మ్రోగును. నేటి లోహశోధకములలో పెక్కింటికి మూలసూత్రము ఇదియే.

బెల్‌ను ఆయన సహాయకుడు సమ్నర్ టెయింటరును రాత్రింబగళ్లు శ్రమించిరి. సీసపుగుండును పిడికిట పట్టుకొని పరీక్షించిరి. మాంసములో దాచి పరీక్షించిరి. అంతర్యుద్ధమున తగిలిన గుండ్లను శరీరమున మోయుచున్న పాతసైనికులపై పరీక్షించిరి. గుండు ఎచ్చటనున్నదో ముందుగా తెలిసినచోట యంత్రము నిజము చెప్పునా యని చూచిన పిదపనే తెలియనిచోటికి పోవలెనని వారి నియమము. యంత్రము నిజమే చెప్పెను. కాని దాని చెవి కొలది అంగుళముల లోతువరకే వినగలదు.

జూలై 26వ తేదీ సాయంకాలము వారు యంత్రముతో అధ్యక్షభవనము చేరిరి. రోగి ముఖము బూడిదవన్నెకు తిరిగియుండుటను చూచి బెల్ చలించి, ఆ సంగతి భార్యకు జాబువ్రాసెను. యంత్రమును శరీరముపై త్రిప్పగా టెలిఫోనులో చిటపటమను అపస్వరము తప్ప మరేమియు వినబడలేదు. ఆ శబ్దమెట్టిదో బెల్‌కు తెలియలేదు. ప్రయోగశాలకు తిరిగివచ్చి వెదకగా కారణము దొరకెను: తొందరలో కండెన్సరును ఒకప్రక్కకే తగిలించిరి. ఇది మొదటి దొంగమ్రోత. దీనికి కారణము రోగియందు లేదు, గుండునందు లేదు, యంత్రమునందే కలదు.

లోపమును సవరించి, యంత్రమును మరింత సునిశితము గావించి, ఆగష్టు 1వ తేదీన వారు రెండవమారు వచ్చిరి. బ్లిస్ చూపించిన కుడివైపుననే శోధన జరిగెను. ఈమారు చిటపటలు లేవు. కాని ఒక సన్ననిధ్వని వినబడెను. ఆ ధ్వని ఒక బిందువున పుట్టి చుట్టును ఆగిపోవలసినదానికి బదులు కొంతమేర విస్తరించియుండెను. గుండువంటి చిన్నవస్తువు అట్లు విస్తరించి పలుకదు. బెల్ సందేహించెను. వైద్యులు సందేహింపలేదు. గుండు ఉన్నదని తాము చెప్పినచోటనే యంత్రము పలికినదని వారు సంతోషించిరి. విద్యుత్పరీక్ష తమ అభిప్రాయమును బలపరచినట్లు ప్రకటనయు వెలువడెను.

మరునాడు బెల్ విచారింపగా ఒక సంగతి బయటపడెను. అధ్యక్షుడు పరుండిన గుఱ్ఱపువెండ్రుకల పరుపుక్రింద మరియొక పరుపు కలదు. అది ఉక్కుతీగలతో అల్లినది! లోహము దాపున ఉండరాదని ముందే జాగ్రత్తపడిన బెల్‌కు ఇది పిడుగువలె తగిలెను. ఇది రెండవ దొంగమ్రోతకు జాడ. దీని నివాసము యంత్రమున గాక పరిసరములయందు.

ఈ కథను చెప్పువారు పెక్కుమంది ఇచ్చటనే ఆపి, ఉక్కుపరుపు బెల్‌ను ఓడించినదని ముగింతురు. బెల్ మాత్రము అచ్చట ఆగలేదు. అట్టిదే మరియొక పరుపును తెప్పించి పరీక్షించెను. అది పెద్దపెద్ద కన్నులతో వలవలె అల్లబడినది. పరుపు శయ్యయంతటను వ్యాపించియుండగా ధ్వని వినబడిన తావు దానిలో కొలదిమేర మాత్రమే. కావున పరుపువలన పెద్దహాని కలుగలేదని ఆయన తలచెను. ఆ తలపు సరియో కాదో చర్చింపవచ్చును. కాని ఆయన నడచిన పద్ధతి గమనింపదగినది. అనుమానింపబడిన వస్తువును వేరుగా తెచ్చి, దానిని మాత్రమే పరీక్షించి, తనకు ఇష్టమైనను కాకున్నను ఫలితమును వ్రాసియుంచెను.

ఆ మాసముననే బెల్ ఇంట మరియొక దుఃఖము సంభవించెను. గర్భవతియైన భార్య మేబెల్ ఆగష్టు 15న నెలలు నిండకమునుపే మగశిశువును కనెను. ఊపిరి పీల్చలేక ఆ శిశువు అదేదినమున మరణించెను. మరుసటియేడు బెల్, ఊపిరి ఆడనివారికి సాయపడు ఒక లోహకవచమును నిర్మించెను. పరుల ప్రాణముకొరకు పాటుపడుచుండగా తన ఇంటిదీపము ఆరినను ఆయన గుండుశోధనమును విడువలేదు. యంత్రమును సంస్కరించుచునే యుండెను. కాని అధ్యక్షునిపై మరల ప్రయోగించు అవకాశము కలుగలేదు.

సెప్టెంబరు 6న అధ్యక్షుని సముద్రతీరమునందలి ఎల్బెరాను అను ఊరికి తరలించిరి. కాల్పులు జరిగిన డెబ్బదితొమ్మిదవ దినమున, సెప్టెంబరు 19 రాత్రి, ఆయన కన్నుమూసెను. శవపరీక్షలో గుండు దొరకెను. అది కుడివైపున లేదు. వీపున కుడివైపున ప్రవేశించి, వెన్నుపూసనొకదానిని చీల్చుకొని, ఎడమవైపునకు పోయి, క్లోమగ్రంథి వెనుక నిలిచియుండెను. చుట్టును పొర యేర్పడి అది నిరపాయముగా నుండెను. అధ్యక్షుని బలిగొన్నది గుండు కాదు. చికిత్సచేసిన చేతులవలన ప్రబలిన చీమును, దానివెంట వచ్చిన రక్తస్రావమును అని నేటి వైద్యులు పెక్కుమంది తలంతురు. గిటో తన విచారణలో ఈ వాదమునే పట్టుకొని, తాను కాల్చితినేగాని చంపినవారు వైద్యులే యనెను. న్యాయస్థానము దానిని మన్నింపలేదు; 1882 జూన్ 30న వానిని ఉరితీసిరి.

గుండు అంతలోతున నుండుటచే, ఎడమవైపున వెదకినను తన యంత్రమునకు అది అందియుండదని బెల్ తరువాత గ్రహించెను. 1882లో మాంట్రియలు నగరమున విజ్ఞానసభలో చదివిన వ్యాసమున ఆయన ఈ ప్రయోగములనన్నిటిని వివరించెను. కండెన్సరు పొరపాటును దాచలేదు, పరుపుసంగతిని దాచలేదు. ఆ వ్యాసము లేకున్నచో మనకు మిగిలెడిది పుకారు మాత్రమే.

మరి యంత్రము అబద్ధమాడినదా? ఆలోచించి చూడుడు. మొదటిమారు అది తన అతుకు చెడినదని చెప్పెను. రెండవమారు, పరుపు తీగలనే పలికినచో, క్రింద లోహమున్నదని చెప్పెను. ఆ రెండును నిజములే. గుండు ఇచ్చటనే యున్నదని యంత్రము ఎన్నడును చెప్పలేదు. అట్లు విన్నది వైద్యుల చెవి. మూడవ దొంగమ్రోత పుట్టినచోటు అదియే. యంత్రములోని లోపమును ఒక పూటలో బెల్ సవరించెను. పరిసరములలోని లోపమును మరునాడు కనుగొనెను. వైద్యుని నమ్మకములోని లోపమును మాత్రము శవపరీక్షవరకు ఎవ్వరును సవరింపలేకపోయిరి. వినదలచినది వినబడినపుడు మరల పరీక్షింపవలెనను బుద్ధి పుట్టదు గదా!

దొంగమ్రోతను తరిమివేయుటే గాక, దానికి చెవియొగ్గి లాభము పొందినవారును కలరు. జర్మనీనుండి అమెరికాకు వలసవచ్చిన గెర్హార్డు ఫిషర్ విమానములకు రేడియో దిక్సూచులను నిర్మించుచుండెను. కొన్ని ప్రదేశములలో అవి తప్పుదిక్కును చూపుచుండెను. లోహఖనిజములు గల శిలలే అందుకు కారణమని ఆయన ఊహించెను. దిక్సూచికి దోషమైనదే ఖనిజమును వెదకువానికి గుణమగునని తోచి, చేతపట్టుకొని నడువదగిన లోహశోధకమును నిర్మించి 1937లో పేటెంటు పొందెను. ఒకరికి గరగరయైనది మరియొకరికి వార్త యయ్యెను.

రెండవ ప్రపంచయుద్ధమున ఈ యంత్రము వేలకొలది సైనికుల ప్రాణములకు కావలికాసెను. స్కాట్లండులో శిక్షణపొందుచున్న పోలండు దేశీయుడు యూజెఫ్ కొసాట్స్కి, మందుపాతరలను కనిపెట్టు పరికరమును నిర్మించెను. 1942 అక్టోబరులో ఈజిప్టునందు జరిగిన ఎల్ అలమేన్ యుద్ధమున అట్టివి ఐదువందలు ప్రయోగింపబడెను. యుద్ధభూమిలో ఫిరంగిగుండ్ల ముక్కలు ఎచ్చటచూచినను పడియుండును. ప్రతిముక్కకును యంత్రము పలుకును. ప్రతిపలుకునకును సైనికుడు నేలపై బోర్లపరుండి బాయినెట్టుతో మెల్లగా పొడిచి చూడవలెను. నూరుమారులు ఇనుపముక్కలే వచ్చినను నూటయొకటవమారు ఏమరరాదు. శత్రువులు కొయ్యతోను గాజుతోను మందుపాతరలను చేయనారంభించినపుడు మరియొక అపాయము వచ్చిపడెను. అచ్చట యంత్రము పలుకదు, లేదా పలికినను వినబడదు. మ్రోతవలెనే మౌనమును మోసగింపగలదని ఆ సైనికులు ప్రాణములనిచ్చి నేర్చుకొనిరి.

నేడు ఈ యంత్రములు సామాన్యులకును దొరకుచున్నవి. పొలములో జారిపడిన ఉంగరమునో, పెరటిలో పూడిపోయిన గొట్టమునో వెదకుటకై ఒకరు వాడివిడిచినదానిని చవుకగా కొనువారు కలరు. ఇంటికి తెచ్చి నేలపై త్రిప్పగానే అది అడుగడుగునకును కూయును. అమ్మినవాడు మోసగించెనని కొన్నవాడు కుందును. కుందుటకు మునుపు 1881నాటి వరుసనే అనుసరించుట మేలు.

మొదట యంత్రమును విచారింపవలెను. ఉంగరము, గడియారము, తాళపుచెవులు, సెల్‌ఫోను దూరముగా నుంచి, ఆరుబయట చుట్టను నేలకు తగులకుండ పైకెత్తి, కదలక నిలువవలెను. అప్పటికిని అది కూయుచున్నచో నేలను అనుమానింప పనిలేదు. బ్యాటరీ నీరసించియుండవచ్చును; చుట్టకు పోవు తీగ నలిగియో, దాని బిరడా వదులయ్యో యుండవచ్చును; చుట్టపైని మూత పగిలి తేమ చేరియుండవచ్చును. పాతయంత్రములకు వచ్చు రోగములలో పెక్కు ఇవియే. తీగను మెల్లగా వంచుచు వినినచో నలిగినచోట మ్రోత హెచ్చును.

పిదప పరిసరములను విచారింపవలెను. కరెంటుతీగలక్రిందను, ట్యూబులైట్లదాపునను, మోటారులప్రక్కను యంత్రము కలవరపడును. అచ్చటినుండి దూరముగా పోయి, సునిశితత్వమును తగ్గించి చూడవలెను. నేలయు పలుకును. మన ఎఱ్ఱనేలలలో ఇనుము కలదు. సముద్రపుటొడ్డున తడియిసుకలో ఉప్పు కలదు. నేలపలుకును రద్దుచేయుటకు అనేక యంత్రములందు ఒక మర కలదు; క్రొత్తనేలకు పోయినపుడెల్ల దానిని సరిచూడవలెను. బెల్ సరితూచిన త్రాసు ఇదియే.

తుదకు మన చెవిని విచారింపవలెను. ఎరిగిన నాణెమునొకదానిని ఎరిగిన లోతున పాతిపెట్టి, దాని మ్రోతను ముందుగా వినవలెను. తెలియనిచోట మ్రోత వినబడినచో, ప్రక్కకు తిరిగి అడ్డముగా చుట్టను మరల నడపవలెను. రెండుదిక్కులనుండియు అదేబిందువున పలికినచో అచ్చట లోహముండు అవకాశము మెండు. ఒకమారు పలికి ఒకమారు పలుకకున్నచో, లేక మేరయంతయు పలికినచో, ఆశపడక సందేహింపవలెను. సన్ననిధ్వని విస్తరించినదని బెల్ సందేహించుటయు, తమ మాట నెగ్గినదని వైద్యులు సంతోషించుటయు ఇచ్చట జ్ఞప్తికి తెచ్చుకొనదగినవి.

ఇంత విచారించిన పిదప యంత్రము నిజముగా పనికిరానిదని తేలినచో, అమ్మినవానిని అడుగుటకు మన చేతిలో కారణముండును. పనికివచ్చునని తేలినచో చవుకగా మంచిసాధనము దొరకినట్లే. ఎట్లయినను, మ్రోత వినబడగానే పార పట్టుకొని త్రవ్వుటకు మునుపు, నా పరుపుక్రింద ఏమున్నదో చూచితినా యని ఒకమారు ప్రశ్నించుకొనుట మంచిది. మహామేధావియైన బెల్ అధ్యక్షుని గదిలో ఆ ప్రశ్నను ఒకదినము ఆలస్యముగా అడిగెను.